రాసినవారిని వదిలేసి...

ముందే రాసిపెట్టిన కథతో కుస్తీ పోటీలు ఆడించే అమెరికా సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈలో, మహమ్మద్ హసన్ అనే అరబ్ అమెరికన్ విలన్ పాత్రకు తెర పడింది. 2005 జులై 24న అమెరికాలోని బఫలో నగరంలో, పేరున్న మల్లయోధుడు అండర్‌టేకర్ చేతిలో ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ ఆ పాత్రను సాగనంపింది. అతడు మా తెర మీద వద్దని, ఆ పోటీలను ప్రసారం చేసే యూపీఎన్ టీవీ చానల్ పట్టుబట్టాక జరిగిన ముచ్చట ఇది. వేషం కట్టినవాడికి శిక్ష పడింది. వేషం కట్టించినవారు నిక్షేపంగా మిగిలారు.

గొడవకు మూలం అదే జులై 4న చిత్రీకరించిన ఒక దృశ్యం. అందులో హసన్, రింగుకు వెళ్లే ర్యాంపు మీద మోకరిల్లి ప్రార్థిస్తాడు. వెంటనే అయిదుగురు ముసుగు మనుషులు దూసుకొచ్చి, అండర్‌టేకర్‌ను కర్రలతో బాది, పియానో తీగతో గొంతు బిగిస్తారు. అప్పటికే పడిపోయిన హసన్ అనుచరుడు దైవారీని అమరవీరుణ్ని మోసినట్లు తలలపైకెత్తి తీసుకుపోతారు. ప్రార్థనకూ హత్యాయత్నానికీ ముడివేసింది నటుడు కాదు, స్క్రిప్టు.

7వ తేదీ ఉదయం లండన్ రైళ్లలో, బస్సులో బాంబులు పేలి 52 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ రాత్రే అమెరికాలో ఈ దృశ్యం ప్రసారమైంది! తెర అడుగున ఒక హెచ్చరిక నడిపి చేతులు దులుపుకొన్నారు. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో మాత్రం కత్తిరించారు. అంటే తప్పని తెలుసు, కత్తెరా చేతిలోనే ఉంది.

విలన్‌ను జనం తిట్టిపోయడమే ఈ వినోదానికి ప్రాణమని కొందరంటారు. కావచ్చు. అయితే హసన్ 2004 డిసెంబరులో వచ్చినప్పుడు చెప్పిందేమిటి? 2001 సెప్టెంబరు 11 తర్వాత అరబ్ అమెరికన్లను అనుమానంగా చూస్తున్నారన్నాడు. అది నిజమైన బాధ. ఆ బాధను విలన్ నోట పెట్టి, వేలమందితో ఛీకొట్టించారు. ఇటాలియన్ మూలాలున్న నటుడు మార్క్ కొపానీకి అరబ్బు వేషం వేసి మరీ ఆ పని చేయించారు.

ఇది కొత్తదీ కాదు. 1983లో ఇరాన్ విలన్‌గా ఆడిన ఐరన్ షేక్‌కు, 1991లో గల్ఫ్ యుద్ధం సాగుతుండగా ఇరాక్ పక్షం చేరినట్లు నటించిన మల్లయోధుడు సార్జెంట్ స్లాటర్‌కు చాంపియన్ బెల్టు కట్టి ఇదే కోపాన్ని అమ్ముకున్నారు. రాసినవారిని వదిలేస్తే రేపు మరో పేరుతో మరో హసన్ వస్తాడు.

ఆ స్క్రిప్టుకు ఎవరు సరేనన్నారో, 7వ తేదీన టేపును ఎవరు ఆపలేదో డబ్ల్యూడబ్ల్యూఈ అప్పటి చైర్మన్ విన్స్ మెక్‌మన్ చెప్పాలి. జీతానికి నటించిన కుర్రాణ్ని ముందుకు తోసి, యజమానులు వెనక దాక్కోవడం సిగ్గుచేటు.