సగం నిలిచిన ఇళ్ల లెక్క

2018 అక్టోబర్ 10న మైకేల్ హరికేన్ ఫ్లోరిడాలోని మెక్సికో బీచ్‌ను ఊడ్చేశాక ఒక ఫొటో బాగా తిరిగింది. చుట్టూ శిథిలాలు, మధ్యలో చెక్కుచెదరని కాంక్రీటు ఇల్లు. గంటకు 400 కిలోమీటర్ల గాలిని తట్టుకునేలా కట్టారు దాన్ని. ఆ రోజు గాలి వేగం 257 కిలోమీటర్లు. అందరూ ఇలాగే కట్టుకుంటే పోయేది కదా అన్నారు చాలామంది. చేతిలో డబ్బున్నవాళ్లకు అది మంచి సలహానే.

సుమారు వెయ్యి మంది ఉండే ఊరది. అంత డబ్బు లేనివాళ్లకు దిక్కు బీమాయే. మామూలు ఇంటి బీమా గాలి నష్టానికి డబ్బిస్తుంది, వరదకు ఇవ్వదు. వరదకు పాలసీ వేరే తీసుకోవాలి. నేల పలక తప్ప ఏమీ మిగలని చోట ముందు కప్పు ఎగిరిందా, ముందు ఉప్పెన వచ్చిందా? తేల్చడానికి గోడలుంటేగా!

సగం నిలిచిన ఇంటికి ఇంకో తిప్పలు. వరద ముప్పు ప్రాంతంలో మరమ్మతు ఖర్చు ఇంటి విలువలో 50 శాతానికి చేరితే ఆ ఇంటిని ఇప్పటి నిబంధనల ప్రకారం ఎత్తు పెంచి కట్టాలి. విలువంటే స్థలం కాకుండా కట్టడానిది మాత్రమే. కిటుకంతా ఇక్కడే ఉంది. సముద్రం పక్కన స్థలం బంగారం, దాని మీద ఉన్న పాత చెక్క ఇంటికి పెద్దగా ధర పలకదు. లక్ష డాలర్ల ఇంటికి 50 వేల పని పడితే చాలు, రూల్ వర్తిస్తుంది. ఖరీదైన ఇల్లు అదే 50 వేల దెబ్బ తిన్నా మామూలు రిపేరుతో బయటపడుతుంది. పాత ఇంటాయన స్థలం అమ్ముకుని వెళ్లిపోతాడు, అక్కడ స్తంభాల మీద సెలవుల ఇల్లు లేస్తుంది.

రూల్ తప్పని నేననను. అదే ఎత్తులో మళ్లీ కడితే మళ్లీ మునుగుతారు. కానీ దాని భారం పడే తీరు అన్యాయం. వరద పాలసీ ఉన్నవాళ్లకు ఎత్తు పెంచడం లాంటి పనులకు అదనంగా అందేది గరిష్ఠంగా 30 వేల డాలర్లు, పాలసీ లేనివాళ్లకు అదీ లేదు. రాష్ట్రం 10 వేల డాలర్ల వరకు ఇచ్చే గ్రాంటు ఉంది కానీ, అది కిటికీలు, తలుపులు, కప్పు గట్టి చేసుకోవడానికే. ఇంటిని పైకి లేపడానికి పనికిరాదు.