ఉగ్గాని కోసం నలభై నిమిషాలు

ఉగాది తర్వాతి ఆదివారం ఇక్కడ బెంగళూరులో మన తెలుగు సంఘం జరిపిన వేడుకకు మీలో చాలామంది వచ్చే ఉంటారు, కాబట్టి పార్కింగ్ గురించీ, పంచాంగ శ్రవణం ఆలస్యంగా మొదలవడం గురించీ మళ్ళీ చెప్పను. అవి మనకు అలవాటే. నేను తిండి గురించి మాట్లాడతాను. మూడు వారాల పాటు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన పోస్టర్ గుర్తుంది కదా, నలభై స్టాళ్ళు, గోదావరి నుంచి సీమ దాకా, తెలంగాణ నుంచి ఉత్తరాంధ్ర దాకా అన్ని రుచులూ ఒకేచోట అని. ఆ మాట నమ్మి నేను ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఒకరు గుంతకల్లు నుంచి వచ్చిన మా నాన్న. ఇంకొకరు మా పక్కింటావిడ, కన్నడావిడ, ఆవిడది దావణగెరె.

నాన్నకు 78 ఏళ్ళు. రైల్వేలో పనిచేసి రిటైర్ అయిన మనిషి, జీవితమంతా పది మంది మధ్య గడిపినవాడు, ఇక్కడ మా అపార్ట్‌మెంట్ కింద బెంచీ మీద కూర్చుని వచ్చేపోయే డెలివరీ బండ్లు చూస్తూ గడుపుతున్నాడు. పోస్టర్‌లో కింద చిన్న అక్షరాలతో ‘రాయలసీమ స్పెషల్ ఉగ్గాని–బజ్జీ’ అని, అంటే తాలింపు వేసిన మరమరాలూ మిరపకాయ బజ్జీ అని, ఉంటే నేను చూడలేదు, ఆయనే కళ్ళజోడు పెట్టుకుని చదివి చూపించాడు. ఇక ఆ రోజు నుంచి ఆదివారం ఎన్ని రోజులుందని అడగడమే. పక్కింటావిడను నేనే పిలిచాను. పన్నెండేళ్ళుగా లిఫ్ట్ దగ్గర కనపడినప్పుడల్లా ‘ఊట ఆయ్తా?’ అని, అంటే భోజనమైందా అని, అడిగే మనిషి. ఒక్కసారి మా వాళ్ళ పండగ, మా వాళ్ళ వంట చూపించాలని నా ఆశ.

కూపన్ల లైను ఒకటి, స్టాలు దగ్గర లైను ఇంకొకటి. ప్లేటు 180 రూపాయలు. కూర్చో నాన్నా, నేను తెస్తాను అంటే వినలేదు, లైన్లో నిలబడితే బాణలి కనపడుతుందని ఆయన ఆశ. నలభై నిమిషాలు నిలబడ్డాం. బాణలి మాత్రం కనపడలేదు, ఎందుకంటే అక్కడ బాణలి లేదు. ఒక పెద్ద థర్మోకోల్ డబ్బా ఉంది, మూత తీసి గరిటెతో తవ్వి ప్లేట్లలో పెడుతున్నారు.

ప్లేటు చేతికొచ్చింది. పచ్చటి ముద్ద. బొరుగులు ఒకదానికొకటి అతుక్కుపోయి, చెంచాతో లేపితే అంతా ఒకటే గడ్డలా లేస్తోంది. అడుగున నీరూరి పేపరు ప్లేటు మెత్తబడి నాన్న చేతిలో వంగిపోతోంది. పుట్నాల పొడి చల్లాల్సిన చోట సన్న కారప్పూస చల్లారు. బజ్జీ చల్లారి, నూనె పీల్చుకుని, పిండి ఒక పక్కకు జారిపోయి లోపలి మిరపకాయ బయటపడింది. నాన్న ఒక్క బొరుగును రెండు వేళ్ళతో పట్టుకుని నలిపి చూశాడు. “తెల్లారుజామున నానేసిందమ్మా ఇది” అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. అన్నం పారేసే అలవాటు లేని మనిషి కాబట్టి మొత్తం తినేశాడు. నాకైతే ప్రాణం ఉసూరుమంది.

పక్కింటావిడ కూడా తిన్నది. తిని చేయి కడుక్కుంటూ, “మా దావణగెరెలోనూ ఇది చేస్తామండీ, వగ్గరణె మండక్కి అంటాం. మీరు పిలిచారు కదా, అదే సంతోషం” అన్నది. దావణగెరె అంటేనే మండక్కి, మిర్చి. ఆవిడ పుట్టి పెరిగింది ఆ బండ్ల మధ్యన. అలాంటి మనిషిని పిలిచి, ఇదిగో మా తెలుగువాళ్ళ ప్రత్యేకమైన వంట అని చూపించాను. తల కొట్టేసినట్టయింది నాకు. ఆ మాట ఆవిడ కోపంగా అన్నా బాగుండేది, నన్ను నొప్పించకూడదని అంత మెత్తగా అన్నది.

ఉగ్గాని గొప్ప వంటేమీ కాదు. అనంతపురం, కర్నూలు, బళ్ళారి వైపు రోజూ పొద్దున తినే టిఫిన్. బొరుగులను, అంటే మీలో కొందరు మరమరాలు అనేవాటిని, నీళ్ళలో పోసి అరచేత్తో ఒక్కసారి కిందికి నొక్కి, లోపలిదాకా తడవకముందే తీసి పిండేయాలి. నిమిషం కూడా పట్టదు. పక్కన పొయ్యి మీద ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపుతో తాలింపు సిద్ధంగా ఉండాలి. అందులో బొరుగులు వేసి నాలుగు తిప్పులు తిప్పి, పుట్నాలూ ఎండుకొబ్బరీ కొట్టిన పొడి చల్లి, నిమ్మకాయ పిండి దించేస్తే అయిపోయింది. దీనికి ఖరీదైన సరుకేమీ అక్కర్లేదు, పెద్ద చేతి నేర్పూ అక్కర్లేదు. కావలసిందల్లా ఒక్కటే, చేసిన వెంటనే తినాలి. ఆగితే ముద్దవుతుంది.

మా అమ్మకు ఇది బాగా తెలుసు. అమ్మ వంట గొప్పదని నేను చెప్పుకోవడం లేదు, ఆవిడ చేతికి ఉప్పు కాస్త ఎక్కువే. కానీ నాన్న డ్యూటీలు ఒక వేళకు ఉండేవి కావు, రాత్రి డ్యూటీ దిగి ఏడుకొస్తాడో తొమ్మిదికొస్తాడో తెలిసేది కాదు. అమ్మ ఉల్లిపాయలు తరిగి, పొడి కొట్టి, తాలింపు దినుసులు పళ్ళెంలో సర్దుకుని, జల్లెడలో బొరుగులు పొడిగానే పెట్టుకుని కూర్చునేది. మాకు ఆకలేస్తున్నా సరే, గేటు దగ్గర సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినపడేదాకా బొరుగుల మీద నీళ్ళు పోసేది కాదు. నాన్న చేతిలో కాగితం పొట్లం, అందులో బండి దగ్గర కట్టించుకొచ్చిన బజ్జీలు. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేలోగా ప్లేటు ముందుండేది. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆ రోజు మైదానంలో నాన్న ఆ బొరుగును నలిపి చూస్తుంటే నాకు ఆ జల్లెడే కళ్ళముందు కనపడింది.

కోపం ఆపుకోలేక స్టాలు వెనక్కి వెళ్ళి అడిగాను. అక్కడున్న కుర్రాడిది ఒడిశా. ఉగ్గాని అనే మాటే ఆ వారం విన్నాడట. జనం ఎక్కువగా వస్తే అప్పటికప్పుడు చేయడం కుదరదు, తెల్లారుజామునే కలిపి డబ్బాల్లో పెట్టెయ్యి అని ఓనరు చెప్పాడట. చెప్పిన పని చేశాడు, వాణ్ణి ఏమనాలి? కాసేపటికి ఓనరే వచ్చాడు. మనవాడే, మర్యాదగానే మాట్లాడాడు. “మేడం, స్టాలుకు నలభై వేలు కట్టాం ఒక్కరోజుకి. టెంట్, కరెంటు, మనుషుల కూలి వేరే” అన్నాడు. ప్లేటు 180 చొప్పున లెక్కేయండి, కేవలం ఆ అద్దె రాబట్టుకోవడానికే 220 ప్లేట్లకు పైగా అమ్మాలి. సరుకు, కూలి, పడిన శ్రమ ఆ తర్వాతి సంగతి. ఆ లెక్కలో ప్లేటు ప్లేటుకూ బొరుగులు తడిపి తిప్పుతూ కూర్చోమంటే ఏ వ్యాపారీ కూర్చోడు. స్టాళ్ళు ఎవరికిచ్చారని తర్వాత విచారిస్తే, ఎక్కువ అద్దె ఒప్పుకున్నవాళ్ళకూ, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎక్కువమంది ఫాలోయర్లున్నవాళ్ళకూ అని తెలిసింది. వాళ్ళ వంట తిని చూసి ఇచ్చారా అంటే, ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

ఆ ఓనరుకు ఊళ్ళో మంచి పేరున్న రెస్టారెంటే ఉంది. శని, ఆదివారాల్లో బయట గంట సేపు నిలబడితే గానీ టేబుల్ దొరకదు. మేమూ వెళ్ళాం ఒకసారి, మా అమ్మాయి రీల్ చూపించి తీసుకెళ్ళింది. మట్టికుండలో పులావ్, అరిటాకు మీద పది గిన్నెలు, గోడ మీద ఎద్దులబండి బొమ్మ. గోంగూర నోట్లో పెట్టుకుంటే గోంగూర పులుపు కాదది, పైనుంచి కలిపిన పులుపు. ఉలవచారు చిక్కగా ఉంది గానీ ఉలవల వాసన లేదు. ఉలవలు గంటలకొద్దీ ఉడికి, ఆ కట్టు మరిగి మరిగి దగ్గరపడితే వచ్చే చిక్కదనం వేరు, పిండి కలిపితే వచ్చే చిక్కదనం వేరు. నాలుకకు తెలిసిపోతుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఈ ఊళ్ళో మన వంటకు పేరు తెచ్చినవాళ్ళు ఇలా తేలేదు. మనలో చాలామంది ఐటీ ఉద్యోగాలతో ఇక్కడికి రాకముందే, 1984లోనే రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున అనే ఆంధ్రా హోటల్ తెరిచారు. అరిటాకు వేసి, పప్పు, పొడి, నెయ్యి, అడిగినంత అన్నం. బెంగళూరు కన్నడిగులకు ‘ఆంధ్రా మీల్స్’ అనే మాట అలవాటు చేసింది అలాంటి భోజనశాలలే, పోస్టర్లు కావు. ఈ ఊరిదే ఇంకొక సంగతి ఉంది. 1924లో మొదలైన ఎం.టి.ఆర్. అనే టిఫిన్ హోటల్, ఎమర్జెన్సీ కాలంలో తిండి ధరలు బాగా తగ్గించి అమ్మాలని ప్రభుత్వం నిబంధన పెడితే ఇబ్బందిలో పడింది. ఆ ధరలకు హోటల్లో పాత నాణ్యత నిలబెట్టడం కష్టమై, పొడులు, రెడీ మిక్స్‌ల వ్యాపారం వైపు మళ్ళింది. డబ్బు లెక్క కుదరనప్పుడు దారి మార్చుకున్నారు. మన మేళాలో లెక్క కుదరకపోతే మార్చింది ప్లేటులో పెట్టే తిండిని.

కమిటీవాళ్ళ కష్టం నాకు తెలియనిది కాదు. మైదానం అద్దె, స్టేజీ, సౌండు, పోలీసు అనుమతి, పిల్లల డాన్సులకు లైట్లు, ఇవన్నీ మనం కట్టే సభ్యత్వ రుసుముతో జరగవు. స్టాళ్ళ డబ్బే ఆధారం. మా ఆయన కూడా రెండేళ్ళు కమిటీలో ఉన్నాడు, ఆ రెండేళ్ళూ పండగ పూట ఆయన నిద్రపోయింది లేదు. అలాగని పాతరోజులే బాగున్నాయని ఊరికే అనేయడమూ సరికాదు. చిన్న కల్యాణమంటపంలో నూటికి అటూ ఇటూ కుటుంబాలు చేరి, తలా ఒక వంట చేసి తెచ్చిన రోజుల్లో నేనున్నాను. ఆ పులిహోర, ఆ దద్దోజనం, ఒకావిడ తెచ్చే కొబ్బరన్నం ఇప్పటికీ నోట్లో ఉన్నాయి. కానీ తెల్లారి మూడింటికి లేచి వండింది ఆడవాళ్ళమే, స్టేజీ మీద శాలువాలు కప్పుకున్నది ఎవరో కూడా గుర్తుంది. ఆ పద్ధతి మళ్ళీ అలాగే రావాలని నేను కోరను.

కోరేది వేరే. మన ఊళ్ళోనే బసవనగుడిలో కార్తీక మాసం చివరి సోమవారం కడలెకాయి పరిషె, అంటే వేరుశెనక్కాయల జాతర, జరుగుతుంది, వెళ్ళినవాళ్ళకు తెలుసు. దొడ్డ గణపతి, దొడ్డ బసవణ్ణ గుళ్ళ ముందు రోడ్డంతా వేరుశెనక్కాయల కుప్పలు. మన అనంతపురం వైపు చెనిక్కాయలంటామే, అవే. నేను కొన్న ప్రతిసారీ కుప్ప దగ్గర కూర్చున్న మనిషి ముందు ఒక కాయ ఒలిచి చేతిలో పెట్టాడు, నమిలి చూశాక సేరు కొలిచాడు. నలభై రకాలు లేవక్కడ, ఉన్నది ఒకే ఒక్క కాయ, అయినా జనం విరగబడతారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం మనం. మరి వేలమందికి పెట్టే తిండిని ఒక్క ముద్ద తిని చూడకుండా ఎలా ఒప్పుకున్నాం?

ఇంకొక మాట కూడా అనక తప్పదు. ఆ రోజు స్పాన్సర్ల టెంటులో అరిటాకు భోజనం వేరుగా వడ్డించారు, వేడివేడిగా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. అన్నేళ్ళుగా సభ్యత్వం కడుతున్న మేం ఎండలో కూపన్లు పట్టుకుని నిలబడితే మా వంతుకు వడ్డించడానికి మనవాడెవరూ లేకపోయారు.

కార్తీక వనభోజనాలు వస్తున్నాయి. నలభై స్టాళ్ళు వద్దు, పది చాలు. అద్దె సగానికి తగ్గించండి, తగ్గే డబ్బుకు సభ్యత్వ రుసుము పెంచితే నేను మొదట కడతాను, నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. స్టాలు అడిగేవాళ్ళను రెండు వారాల ముందు పిలిచి వాళ్ళ వంట తిని చూడండి, ఆ తినేవాళ్ళలో ఆ ప్రాంతంవాళ్ళు ఒకరైనా ఉండాలి, పెసరట్టుకు కోస్తావాళ్ళు, సర్వపిండికి తెలంగాణవాళ్ళు. అప్పటికప్పుడు చేయాల్సిన వంట అక్కడే పొయ్యి మీద చేయాలని ఒప్పందంలో రాయించండి. గ్యాసు పర్మిషన్ల గురించి అడిగితే తిరగడానికి మా ఆయన సిద్ధం. సీమ వంటకు గుంతకల్లు నుంచి ఒక వంటాయనను పిలిపిస్తాను, బస్టాండు దగ్గర ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతున్న మనిషి, ఆయన బాణలి ఆయనే తెచ్చుకుంటాడు. ఖర్చులు నావి.

పక్కింటావిడ మొన్న డబ్బా నిండా మండక్కి చేసి పంపింది, బెల్లు కొట్టి, ఇప్పుడే దించాను, వెంటనే తినండి అని చెప్పి మరీ వెళ్ళింది. నాన్న మాట్లాడకుండా రెండుసార్లు పెట్టించుకున్నాడు. మర్నాడే ఊరికి వెళ్ళిపోయాడు. వనభోజనాలకు మళ్ళీ రమ్మంటే, కమిటీవాళ్ళు ఏమంటారో కనుక్కుని చెప్పు, అప్పుడు టికెట్ తీసుకుంటాను అన్నాడు. ఆయన రోజూ సాయంత్రం ఫోన్ చేసి అడుగుతున్నాడు.