చందమామ కథలు పోయాయని బెంగపడేవాళ్లకు: పద్యనాటకం ఇంకా ఉంది

"ఆ రాకుమారుడూ, మాంత్రికుడూ, చిలకలో ప్రాణం... అలాంటి కథలు ఇప్పుడేవండీ" అని వాపోయే పోస్టులు తరచూ కనిపిస్తాయి. బెంగ నిజమైనదే, వెతికే చోటే తప్పు. గ్రాఫిక్సు ఎంత పోసినా ఆ రుచి రాదు. పాత కథను నడిపింది బొమ్మ కాదు, షరతు. విక్రమార్కుడు నోరు విప్పితే శవం మళ్లీ చెట్టెక్కాలి. తెలిసీ చెప్పకపోతే తల పగలాలి. ఆ కట్టుబాటు బిగువు వల్లే మాయను నమ్మాం.

ఆ బిగువు ఈనాటికీ ఊపిరితో ఉన్నది పద్యాలతో నడిచే పౌరాణిక నాటకంలో. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి కుటుంబం 'కీచకవధ'తో మొదలుపెట్టిన సురభి నాటక సమాజం వారు తోలుబొమ్మలాట నుంచి వచ్చినవాళ్లు. తెర వెనక నుంచి ప్రాణం పొయ్యడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. వాళ్ల మాయాబజార్ నాటకంలో మనిషి గాల్లోకి లేస్తాడు, బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. సన్నటి తీగ, గిలక, వెనక ముదురు రంగు తెర. లైటు ఎదురుగా తీగ మీద పడిందా, మెరిసి గుట్టు బయటపడుతుంది. తీగ లాగే మనిషి, హార్మోనియం వాయించే మనిషి, నటుడు ముగ్గురూ ఒకే ఊపిరి మీద ఉండాలి. రెండో టేకు లేదు.

అయితే అసలు మాయ తీగలో లేదు, పద్యంలో ఉంది. అక్కడే ఇప్పుడు చాలామంది చెడగొడుతున్నారు, నా కోపమంతా దాని మీదే.

'పాండవోద్యోగ విజయాలు' నాటకాలు రాసిన జంట కవులు తిరుపతి వెంకట కవులు. వాళ్ల కృష్ణుడి పద్యాలు రెండు తీసుకోండి. రెండూ శార్దూలం అనే వృత్తంలోవే: పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం దగ్గర యతి. "బావా యెప్పుడు వచ్చితీవు సుఖులే" అన్నాక 13వ అక్షరం "భ్రాతల్" అని కొత్త మాటతో మొదలవుతుంది. అక్కడ ఊపిరి తీసుకున్నా చెల్లుతుంది. "జెండాపై కపిరాజు ముందు సితవాజిశ్రేణియుం"లో 13వ అక్షరం "వాజి"లోని "జి". యతి వచ్చింది కదా అని అక్కడ ఆపితే "సితవాజి", అంటే తెల్ల గుర్రం, రెండు ముక్కలవుతుంది. సంస్కృతంలో యతి అంటే విరామం, తెలుగులో అక్షర మైత్రి, అంటే పాదం మొదటి అక్షరంతో ఆ అక్షరానికి పొత్తు కుదరడం. ఈ తేడా తెలియకుండా పాడేవాళ్లకు గొంతు ఎంత బాగున్నా కృష్ణుడు కనిపించడు, గాయకుడే కనిపిస్తాడు.

రాగం ఉండకూడదని కాదు. మోహనలో, కాంభోజిలో మనసారా పాడండి, కానీ మాట పూర్తయ్యాక సాగదీయండి. పద్యానికి తాళం లేనిది అందుకే: భావం ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగడానికి. పద్యం నడుస్తుంటే తబలా ఊరుకోవాలి, హార్మోనియం నటుడి వెనక నడవాలి, ముందుకు దూకకూడదు.

ఇక మైకు. దయచేసి ఆ ఎకో తగ్గించండి! ఎకో పెరిగితే ముందుగా పోయేవి ఒత్తులూ, పాదం చివర పొల్లు హల్లులూ. "చుట్టముల్" అన్నది "చుట్టమూ..." అని మోగితే మాటే పోయింది. కాలరు మైకు హారాలకు రాసుకుంటే గరగర. నగలు పెట్టాక ఇంకోసారి సరిచూడాలి, పెట్టకముందు చూసి లాభం లేదు.

మొదటిసారి చూసేవాళ్లు రాత్రంతా కూర్చోనక్కర్లేదు. కృష్ణ రాయబారం నాటకంలో పడకసీను, అంటే పడుకున్న కృష్ణుడి దగ్గరికి దుర్యోధనుడూ అర్జునుడూ సాయం కోరి వచ్చే రంగం, ఒక్కటి చూడండి. ముందుగా ఆ పద్యాలను పుస్తకంలో రెండుసార్లు పైకి చదివి, అర్థం తెలుసుకుని వెళ్లండి. కృష్ణ పాత్రకు పేరుపొందిన షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి గార్ల పాత రికార్డింగులు దొరికితే ఒకే పద్యాన్ని ఇద్దరి గొంతులోనూ విని, మాట ఎక్కడ విరిచారో పెన్సిలుతో గీత పెట్టుకోండి. హాల్లో వీలైనంత ముందు వరసలో, హార్మోనియం వైపు కూర్చోండి. వన్స్ మోర్ అనాలనిపిస్తే తప్పకుండా అనండి, అది మన నాటకానికి ప్రాణం. కాకపోతే రాగం ఎత్తుకోగానే అరవకండి. నాలుగో పాదం ముగిసి, గొంతు షడ్జమం, అంటే ఆధార స్వరం 'స', మీద దిగేదాకా ఆగండి.