సవరణ: కపిల్ 175ను మా నాన్న టీవీలో చూడలేదు

1983 ప్రపంచ కప్‌లో జింబాబ్వేపై కపిల్ దేవ్ కొట్టిన 175 నాటౌట్‌ను మా నాన్న హైదరాబాద్‌లో పక్కింటి టీవీలో చూశారని మొన్న రాశాను. అది తప్పు. జూన్ 18న ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జరిగిన ఆ మ్యాచ్‌కి టీవీ కెమెరాలే లేవు. జట్టు 17 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకున్న మ్యాచ్‌లో ఆడిన ఆ ఇన్నింగ్స్, పాపం, మైదానంలో ఉన్నవాళ్లకే దక్కింది. నాన్నను మళ్లీ అడిగితే కాసేపు ఆలోచించి, "అయితే ఫైనల్ అయ్యుంటుందిరా" అన్నారు. జూన్ 25 నాటి లార్డ్స్ ఫైనల్‌ను దూరదర్శన్ లైవ్‌లో చూపించింది. మన దేశంలో కలర్ ప్రసారాలు 1982లోనే మొదలయ్యాయి గానీ, పక్కింటిది బ్లాక్ అండ్ వైట్ సెట్టేనట. ఆ మాట మీద మాత్రం నాన్న గట్టిగా ఉన్నారు, కాబట్టి దాన్ని మార్చడం లేదు.