స్నాప్‌షాట్ ఉంది కదా, ఇంకేం భయం!

బ్యాకప్ ఉందా అని అడిగితే "స్నాప్‌షాట్లు ఉన్నాయి కదండీ" అని జవాబిచ్చే మహానుభావుల గురించి నాలుగు మాటలు రాయక తప్పడం లేదు. స్నాప్‌షాట్ అంటే, ఫలానా క్షణాన డిస్క్ మీది డేటా ఎలా ఉందో అలాగే పట్టి ఉంచే గుర్తు. వీళ్లు మీకూ తెలిసినవాళ్లే. రూట్ పాస్‌వర్డ్, అంటే సర్వర్ మొత్తానికి తాళంచెవి, ఎప్పుడూ వీళ్ల దగ్గరే ఉంటుంది. ప్రశ్న వినగానే మన వైపు జాలిగా ఓ చూపు చూసి, టెర్మినల్ తెరిచి స్నాప్‌షాట్ల జాబితా చూపిస్తారు. గంటకొకటి, రోజుకొకటి, వారానికొకటి. కిందికి జరుపుతూ పోతే వేలు నొప్పి పుడుతుందే తప్ప జాబితా అయిపోదు. అన్నీ ఒకే పూల్‌లో, అంటే ఒకే డిస్కుల కట్టలో ఉంటాయి. ఆ పూల్ ఒకే వీపీఎస్‌లో (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్‌లో) ఉంటుంది.

ఇందులో పాపం ఈ స్నాప్‌షాట్లు తీసే జెడ్‌ఎఫ్‌ఎస్ తప్పేమీ లేదు. 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ బయటపెట్టిన ఆ ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను సర్దే ఏర్పాటు) ఉన్న బ్లాకు మీద, అంటే ఉన్న డేటా ముక్క మీద తిరగరాయదు, మార్పును కొత్త చోట రాస్తుంది. స్నాప్‌షాట్ తీయడమంటే పాత బ్లాకులను పారేయొద్దని దానికి చెప్పడమే. అందుకే కనురెప్ప పాటులో అయిపోతుంది, తీసిన క్షణాన జాగా కూడా దాదాపు తినదు. వందల జీబీల డేటాకు కనురెప్ప పాటులో కాపీ తయారైందంటే, అసలు తయారైందా అని అనుమానం రావాలా వద్దా? మనవాళ్లకు రాదు. ఇంటి దస్తావేజులకు జిరాక్స్ తీయించి, ఒరిజినల్ ఉన్న బీరువాలోనే పెట్టి తాళం వేసుకుని హాయిగా నిద్రపోతారు.

పూల్‌లోని ఓ డేటాసెట్‌ను (ఫైళ్లుండే విభాగాన్ని) డిస్ట్రాయ్ చేయబోతే, దానికి స్నాప్‌షాట్లు ఉన్నాయి కుదరదంటుంది కమాండ్. ఆ నోటితోనే, మైనస్ ఆర్ (-r, అంటే లోపలివన్నీ కలిపి) తగిలించుకోమని సలహా కూడా ఇస్తుంది. తగిలిస్తే మారుమాట లేకుండా వంశం మొత్తాన్ని తుడిచేస్తుంది. ఇక డిస్క్ నిండిన రోజు చూడాలి వీళ్ల అవస్థ. పాత లాగ్‌లు ఎన్ని చెరిపినా జాగా పెరగదు, ఎందుకంటే చెరిపిన వాటిని స్నాప్‌షాట్లు పట్టుకుని ఉంటాయి. అప్పుడు టెన్షన్‌లో మొదట బలయ్యేవి ఏవనుకున్నారు? నిన్నటిదాకా బ్యాకప్ అని చెప్పుకున్న ఆ స్నాప్‌షాట్లే.

కొందరు ఇంకో మెట్టు పైకెక్కి స్క్రిప్ట్ రాస్తారు. డేటాబేస్ డంప్ (మొత్తం డేటా కాపీ) తీసి, పైపులో, అంటే ఒక కమాండ్ ఇచ్చింది నేరుగా ఇంకోదానికి అందేలా, జీజిప్ అనే కుదింపు ప్రోగ్రామ్‌కి పంపి, ఫైల్‌గా దాచే చిన్న స్క్రిప్ట్. ఓ శుభదినాన డేటాబేస్ పాస్‌వర్డ్ మారుతుంది. స్క్రిప్ట్‌కి ఎవరూ చెప్పరు. ఆ రాత్రి డంప్ ఏమీ ఇవ్వకుండా చనిపోతుంది. జీజిప్ మాత్రం వృత్తి ధర్మం తప్పదు. తన చేతికి వచ్చిన శూన్యాన్ని శ్రద్ధగా కుదించి, సరిగ్గా 20 బైట్ల ఫైల్ తయారు చేస్తుంది. పైపులో ఆఖరి కమాండ్ నెగ్గితే షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) లెక్కలో అందరూ నెగ్గినట్టే. మధ్యలో ఏది ఓడినా చెప్పే పైప్‌ఫెయిల్ అనే సెట్టింగ్ ఒకటి పెట్టుకోవాలని స్క్రిప్ట్ రాసినాయనకు తట్టలేదు. "బ్యాకప్ విజయవంతం" అని మెయిల్ వెళ్తుంది. అలాంటి మెయిళ్లు పోగుపడటానికే ఇన్‌బాక్స్‌లో ఓ ఫోల్డర్ ఉంది, దాన్ని ఇంతవరకు తెరిచిన నరుడు లేడు.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. 30 రోజులు దాటిన బ్యాకప్‌లను తీసేయమని స్క్రిప్ట్‌లో ఇంకో లైన్ ఉంది. అదొక్కటే పొల్లు పోకుండా పనిచేస్తుంది. రోజుకో మంచి ఫైల్ పోయి, దాని చోట ఓ 20 బైట్ల ఫైల్ వచ్చి కూర్చుంటుంది. నెల తిరిగేసరికి సంస్థ సర్వస్వం 600 బైట్లు. ఆ 600 బైట్లనూ ఎన్‌క్రిప్ట్ చేస్తారు, ఇంకో ఖండంలోని డేటా సెంటర్‌కి కాపీ చేస్తారు. ఆడిటర్ వస్తాడు. ఆఫ్‌సైట్ కాపీ ఉందా? ఉంది సార్. ఎన్‌క్రిప్షన్? చేశాం సార్. ఎన్నాళ్లవి? 30 రోజులవి సార్. అన్నిటికీ టిక్కు పడుతుంది. స్టోరేజ్ బిల్లు ఒక్కసారిగా తగ్గిందని మేనేజర్ గారు స్లైడ్ వేసి, టీమ్ చేత చప్పట్లు కొట్టిస్తారు.

అతిశయోక్తి అంటారా? 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఓ ఇంజనీరు రాత్రిపూట పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్ మీదే డిలీట్ కొట్టాడు. దాదాపు 300 జీబీ పోయింది. బ్యాకప్ కోసం చూస్తే డంప్‌లు లేవు. డేటాబేస్ వెర్షన్ 9.6, డంప్ తీసే టూల్ 9.2, రెండింటికీ పొసగలేదు. ఫెయిలైందని మెయిళ్లు వెళ్లాయి కానీ, వాటిని అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. చివరికి ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాటే దిక్కయింది. "చూశారా, స్నాప్‌షాటే కాపాడింది" అని మన మహానుభావులు ఎగిరి గంతేయొద్దు. అది స్టేజింగ్ సర్వర్‌కి (పరీక్షలకు వాడే వేరే మిషన్‌కి) కాపీ అయి ఉంది కాబట్టి కాపాడింది.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్లకు రెండూ బూడిదయ్యాయి. 2014లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ క్లౌడ్ అకౌంట్‌లోకి దొంగ దూరి సర్వర్లనూ స్నాప్‌షాట్లనూ బ్యాకప్‌లనూ కలిపి చాలావరకు తుడిచేశాడు, ఎందుకంటే అన్నిటికీ ఒకే తాళంచెవి. కంపెనీ మూతపడింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు లేస్తే ఉద్యోగుల ఫైళ్లు 858 టెరాబైట్లు పోయాయి. బ్యాకప్ ఎందుకు లేదయ్యా అంటే, మరీ పెద్దది కాబట్టి కుదరలేదన్నారు. పోగొట్టుకోవడానికి మాత్రం సైజు అడ్డు రాలేదు.

విరుగుడు ఎవరికీ తెలియనిదేం కాదు. ఆ జెడ్‌ఎఫ్‌ఎస్‌లోనే సెండ్, రిసీవ్ అని ఉన్నాయి. స్నాప్‌షాట్‌ను వేరే చోట, వేరే అకౌంట్‌లో, ఈ సర్వర్ చెరపలేని మిషన్‌కి పంపొచ్చు. మొదటిసారి తప్ప ఆ తర్వాత మారిన బ్లాకులే వెళ్తాయి. వెళ్లినదాన్ని అప్పుడప్పుడు తెరిచి, నిజంగా డేటా ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి. అంతే. ఆ ఒక్కపూట పనికి టైమ్ లేదంటారు. పోయేది మీ డేటా కాదు కదా! ఎవడో చిన్న వ్యాపారి మూడేళ్ల లెక్కలు, ఎవరో అమ్మాయి థీసిస్, చనిపోయిన తండ్రి ఫొటోలు. మీమీద నమ్మకంతో మీ చేతిలో పెట్టినవి. వాళ్లకు "సాంకేతిక కారణాల వల్ల చింతిస్తున్నాము" అని రెండు లైన్లు రాసి పడేయడానికి సిగ్గుండాలి.

అదీ కాక, ఇలా డేటా పోయినప్పుడల్లా, అర్ధరాత్రి నిద్రకళ్లతో కమాండ్ కొట్టిన కుర్రాడి మీద పడతారు. మర్నాడే రిపోర్టు: మూల కారణం మానవ తప్పిదం. రీస్టోర్ చేసి చూడటానికి ఇంకో వీపీఎస్ ఇప్పించండి సార్ అని మెయిల్ పెట్టింది ఆ కుర్రాడే. "వచ్చే క్వార్టర్‌లో చూద్దాం" అని జవాబిచ్చిన పెద్దమనిషి సంతకమే ఆ రిపోర్టు కింద ఉంటుంది.