ఆడపక్షి మెచ్చితేనే గూడు

చుట్టూ తిరిగే పక్షులను రోజూ గమనిస్తే నవ్వుకు కొదవ ఉండదని మీ వ్యాసంలో అన్న మాట అక్షరాలా నిజం. కాకులు, గోరువంకల గురించి చక్కగా రాశారు కానీ గిజిగాడిని వదిలేశారు! వానలు మొదలవగానే నేను మా ఊరి వ్యవసాయ బావి దగ్గరికి వెళ్తాను. నీళ్ల మీదికి వంగిన ఈత చెట్టే వాళ్ల కాలనీ. తలకు పసుపు పూసుకున్నట్టుండే గిజిగాడు ఆకుల పీచు, గడ్డిపోచలు తెచ్చి గూడును హెల్మెట్ ఆకారం వచ్చేవరకు అల్లి ఆపేస్తాడు. ఇక రెక్కలు టపటపలాడిస్తూ ఆడపక్షులను పిలవడమే పని. ఆవిడ వస్తుంది, లోపలికి దూరుతుంది, అల్లికను ముక్కుతో లాగి చూస్తుంది. అచ్చం పెళ్లికొడుకు ఇల్లు చూడటానికి వచ్చిన మేనత్తే! నచ్చకపోతే ఎగిరిపోతుంది. నచ్చితేనే గొట్టం లాంటి దారితో గూడు పూర్తవుతుంది. ఆపైన గిజిగాడు పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి మరో ఆడపక్షిని పిలుస్తాడు. ఎన్నిసార్లు చూసినా నాకు నవ్వాగదు.

నిరుడు ఆ చెట్టు కొట్టేద్దామనుకున్నారు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగమని బతిమాలాను. ఆగారు. చెట్టు ఇప్పటికీ ఉంది.