ద్రాక్షారామం బోర్డు దాకా

మొన్న ఒక సభలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, మా మండలంలో ఇన్ని వందల మందిని అక్షరాస్యులను చేశామని చెబుతున్నాడు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ మోచేత్తో పొడిచి, "ఆ లెక్కలో నేనూ ఉన్నానా బాబూ?" అని అడిగింది. ఉంది. ఎందుకంటే ఆవిడ సంతకం చేస్తుంది. అంతవరకే చేస్తుంది. చుక్కలు పెట్టి ముగ్గు వేసినట్టు అయిదు అక్షరాలు గీస్తుంది. ఆ అయిదింటిలో ఉన్న 'ల'నే విడిగా రాసి చూపిస్తే, "ఇదేమిటి, కొత్తదా?" అంటుంది.

అప్పటినుంచి నాకు ఒళ్ళు మండుతోంది.

నేను పంతులును కాను. అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర గుమాస్తాను. మూడేళ్ళుగా రాత్రి ఏడు దాటాక మా ఊరి కమ్యూనిటీ హాలులో పది పన్నెండు మంది ఆడవాళ్ళకు చదువు చెబుతున్నాను. వాళ్ళలో నాట్లు వేసేవాళ్ళున్నారు, రొయ్యల షెడ్డులో తలలు తీసేవాళ్ళున్నారు, కూతుళ్ళను కువైట్ పంపి మనవలను సాకుతున్న అమ్మమ్మలున్నారు. మగవాళ్ళు రారు. వాళ్ళకు సిగ్గు.

సంతకంతో వచ్చిన చిక్కు నాకు మొదటి ఏడాది తెలియలేదు. డ్వాక్రా తీర్మానాల పుస్తకం దగ్గర తెలిసింది. వేలిముద్ర వేసే మనిషికి కాగితంలో ఏముందో ఎవరో ఒకరు చదివి వినిపించేవారు. వినిపించకపోతే మొహమాటం లేకుండా "ఏముందమ్మా ఇందులో?" అని ఆవిడే అడిగేది. సంతకం వచ్చిందా, ఇక ఎవరూ చదివి చెప్పరు. అడగడానికి ఈవిడకూ నామోషీ. సంతకం చేసే మనిషి మళ్ళీ ఏమని అడుగుతుంది? మనం నేర్పిన ఆ అయిదు అక్షరాలు ఆవిడ నోరు మూయించాయి. నేర్పకపోయినా బాగుండేదేమో అని ఆ రాత్రి అనుకున్నాను.

జనాభా లెక్కల్లో కూడా సంతకం చాలదు. ఏడేళ్ళు నిండినవాళ్ళు ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలగాలి, రాయగలగాలి. ఆ లెక్కన 2011లో పశ్చిమ గోదావరి జిల్లాలో అక్షరాస్యత 74 శాతం దాటింది, తూర్పు గోదావరిలో 71 శాతం దాపుకు వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద 67 శాతమే కాబట్టి మనం మెరుగే. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువ నీరు పొలం పొలానికీ చేరిన ఈ డెల్టాలో, ఆ పొలాల్లో నడుం వంచే మనిషికి అక్షరం చేరలేదంటే మెరుగని మురిసిపోవడానికి నాకు మనసు రాదు.

పథకాలు లేక కాదు. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది, 2009లో సాక్షర భారత్, 2022 నుంచి ఉల్లాస్. ఈ ఉల్లాస్ మొత్తం జీతం లేని స్వచ్ఛంద బోధకుల మీదే నడవాలి. ఆలోచన మంచిదే. పదిహేనేళ్ళు దాటిన ఎవరైనా చేరవచ్చు. చివర పరీక్షలో చదవడానికి, రాయడానికి, లెక్కలకు 50 మార్కుల చొప్పున ఉంటాయి. నా తగాదా కాగితం మీది పథకంతో కాదు, ఫొటో కోసం వచ్చి పోయేవాళ్ళతో. పలకలు పంచేరోజు పాతికమంది వస్తారు. దాళ్వా నాట్లు పడి హాలు ఖాళీ అయినప్పుడు, నాట్లయ్యాక ఇల్లిల్లూ తిరిగి మళ్ళీ పిలుచుకు రావడానికి ఒక్కరూ ఉండరు. నేనూ మొదటి ఏడాది అలాగే రెండు నెలలు ఎగ్గొట్టాను. తిరిగి వెళ్ళేసరికి సగం మంది గుణింతాలు మరిచిపోయారు. ఆ తప్పు నాది.

ఇంకో తప్పు కూడా చెబుతాను. వెనక కూర్చున్న నలుగురు ఎంత చెప్పినా పలక చూసి తడబడుతుంటే, మొద్దులనుకున్నాను. చత్వారమని తట్టలేదు! నలభై దాటిన కళ్ళు, పైగా హాలులో ఒకే బల్బు. సంతలో దొరికే కళ్ళజోళ్ళు నాలుగు తెచ్చి ఒక్కొక్కటే పెట్టి చూస్తే, వాళ్ళలో ఒకావిడ తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. ఆ తర్వాతే పలక చూసింది.

ఓనమాలతో మొదలుపెట్టడం కూడా మానేశాను. పొద్దంతా బురదలో నిలబడి వచ్చిన మనిషికి ఋషి బొమ్మ చూపించి 'ఋ' దిద్దించడం నావల్ల కాదు. మేం బస్సు బోర్డులతో మొదలుపెడతాం. అమలాపురం. అందులో తలకట్టు ఉంది, దీర్ఘం ఉంది, కొమ్ము ఉంది, సున్న ఉంది. వత్తు లేదు. ఆ అక్షరాలనే అటూ ఇటూ మారిస్తే పాలు, మామ, పులుపు, మరుపు, అరుపు వస్తాయి. 'అరుపు' చదివిన రోజు ఒకావిడ, "ఇది మా ఆయనది" అంది. హాలంతా నవ్వు. తర్వాత రాజోలు, కాకినాడ, రావులపాలెం. పాలకొల్లు, ముమ్మిడివరం దగ్గర వత్తులు ఎదురై చాలామంది ఆగిపోతారు. అసలు కష్టం అక్కడే, సంతకం దగ్గర కాదు. అక్కడ రెండు మూడు నెలలు నిలబడగలిగినవాడే బోధకుడు.

అంకెల్లో వాళ్ళు నాకు పాఠం చెబుతారు. నోట్లు నాకంటే వేగంగా లెక్కపెడతారు. వెయ్యిన్ని రెండు వందల ఐదు రాయమంటే మాత్రం 10002005 అని రాస్తారు. విన్నది విన్నట్టే రాశారు కదా, తప్పెలా అవుతుంది?

"ఇప్పుడు ఫోనే మాట్లాడుతుంది కదా, ఈ వయసులో చదువెందుకు?" అనే మేధావులు మా ఊళ్ళోనూ ఉన్నారు. కువైట్‌లో ఉన్న కూతురు మాట రికార్డు చేసి పంపుతుంది, నిజమే. డబ్బు పడినట్టు బ్యాంకు పంపే మెసేజి ఇంగ్లీషులో వస్తుంది. దాన్ని పక్కింటి కుర్రాడు చదివి చెప్పాలి. ఎంత పడిందో ఊరికంతా తెలియాలి.

రొయ్యల షెడ్డులో కిలోల లెక్కన కూలి. ఎవరు ఎన్ని కిలోలు చేశారో మేస్త్రీ పుస్తకంలో రాసుకుంటాడు. మా క్లాసులో ఒకావిడ కిందటి నెల ఆ పుస్తకంలో తన పేరు వెతికి పట్టుకుని, పక్కన 18 చూసి, "నేను చేసింది 23 కదండీ" అంది. దిద్దాడు. ఆ రోజునుంచి పుస్తకాన్ని తనవైపు తిప్పుకుని రాస్తున్నాడట. తలకిందులుగా అంకెలు చదవడం నేర్పమని వచ్చి అడిగింది. నేర్పుతున్నాను.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో చదువుకున్న ఆడవాళ్ళే సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్ళింది. సంతకాలు దిద్దించి పంపేసి ఉంటే అది జరిగేదా?

మా హాలుకు ఇద్దరు కావాలి. నాట్ల రోజుల్లో ఖాళీగా కూర్చోవడానికి, ఆ తర్వాత ఇళ్ళకు తిరగడానికి ఓపిక ఉన్నవాళ్ళు. రెండేళ్ళు కదలకూడదు. ఫొటోలు తీయం. దోమలు ఎక్కువ.

సభలో నన్ను పొడిచిన పెద్దావిడ శివరాత్రికి ద్రాక్షారామం తానొక్కతే వెళ్తానంటోంది, బోర్డు తానే చదువుకుని బస్సు ఎక్కుతుందట. ఇప్పటికి 'రామం' వచ్చింది. 'ద్రాక్షా' మిగిలింది.